సుద్దముక్క ఎవరి చేతిలో ఉండాలి?

మీరు పుట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా ఎప్పుడో ఒక క్షణాన మీ బరువు పౌండ్లలో ఎంతో, మీ ఎత్తు అంగుళాల్లో సరిగ్గా అంతే ఉండి తీరాలి. నిజమా, అబద్ధమా?

అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయం గణిత శాఖ మొదటి ఏడాది క్యాలిక్యులస్ క్లాసుల కోసం తయారుచేసిన ప్రశ్నల్లో ఇదొకటి. ప్రశ్న వేసిన లెక్చరర్ వెంటనే జవాబు చెప్పరు. విద్యార్థి ముందు తనంతట తాను ఆలోచించి ఓటు వేయాలి. తర్వాత పక్కనున్నవాళ్లతో వాదించుకోవాలి. మళ్లీ ఓటు. అప్పుడు గానీ లెక్చరర్ నోరు విప్పరు.

పుట్టిన బిడ్డ బరువు మూడు కిలోల చిల్లర, అంటే ఆరేడు పౌండ్లు. పొడవు దాదాపు 20 అంగుళాలు. అంకెల్లో ఎత్తుదే పైచేయి. పెరిగి పెద్దయి 60 కిలోలకు చేరితే బరువు 132 పౌండ్లు, ఎత్తు ఏ 65 అంగుళాలో. ఇప్పుడు బరువుదే పైచేయి. రెండూ గెంతులు వేయకుండా మారేవే కాబట్టి, నడుమ ఎక్కడో సమానం కాక తప్పదు. అన్నం తినగానే బరువు ఒక్కసారిగా పెరగదా అని క్లాసులో ఎవరైనా అడిగారంటే ఆ రోజు పాఠం పండినట్టే. ఎందుకంటే ప్రమేయం అవిచ్ఛిన్నంగా ఉండడం అంటే ఏమిటి, ఆ షరతు లేకపోతే సిద్ధాంతం ఎక్కడ కూలుతుంది అన్నదే ఆ అడిగిన పిల్లకు తట్టింది.

ఈ వాదన వెనకున్న ఇంటర్మీడియట్ వాల్యూ థీరమ్ మన బీఎస్సీ విద్యార్థులకు కొత్తది కాదు. రియల్ అనాలసిస్ పేపర్లో దాని నిరూపణ రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఊరికొకరు ఉంటారు. వాళ్లలో ఎంతమంది ఆ నిరూపణకూ తమ బరువుకూ ఏదో సంబంధం ఉందని ఊహించి ఉంటారు? సిలబస్ అక్కడా ఇక్కడా ఒకటే. తేడా అంతా, క్లాసు జరుగుతున్న ఆ గంటలో గణితం చేస్తున్నది ఎవరన్న దగ్గర ఉంది.

సాధారణ డిగ్రీ క్లాసులో గణితం చేసేది లెక్చరర్ ఒక్కరే. నిర్వచనం, సిద్ధాంతం, నిరూపణ, ఒక ఉదాహరణ, మళ్లీ నిర్వచనం. బోర్డు నిండుతుంది, చెరుపుతారు, మళ్లీ నిండుతుంది. వెనక బెంచీ దాకా అందరూ ఎక్కించుకుంటారు. పరీక్షల ముందు ‘ఇంపార్టెంట్లు’ చెలామణిలోకి వస్తాయి. పాత పేపర్లలో మూడుసార్లు వచ్చిన సిద్ధాంతం ఈసారీ వస్తుందా రాదా అన్న లెక్క మొదలవుతుంది. నిజం చెప్పాలంటే సంభావ్యతా శాస్త్రాన్ని మన విద్యార్థులు అత్యంత శ్రద్ధగా వాడేది ఇక్కడే. ఇందులో లెక్చరర్‌ను తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయనకూ అలాగే చెప్పారు. ప్రపంచంలో చాలాచోట్ల ఇంకా ఇలాగే చెబుతున్నారు.

ఈ అలవాటును కదిలించిన కథల్లో బర్క్‌లీ కథ ఒకటి. 1970ల మధ్యలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో యూరి ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థికి ఒక సంగతి మింగుడుపడలేదు. మొదటి ఏడాది క్యాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు పెద్దసంఖ్యలో తప్పుతున్నారు. చైనా మూలాలున్న అమెరికన్ విద్యార్థులు ముందువరసలో ఉంటున్నారు. కారణం ఏమిటని అధ్యాపకులను అడిగితే జవాబులు సిద్ధంగా ఉన్నాయి: వాళ్లకు పట్టుదల తక్కువ, స్కూల్లో పునాది లేదు, ఇంట్లో చదువు గురించి పట్టించుకోరు, పేదరికం. మన స్టాఫ్ రూముల్లోనూ వినపడే మాటలే ఇవి. ట్రైస్‌మన్ వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి చూస్తే ఏదీ నిలబడలేదు. తప్పుతున్నవాళ్లలో స్కూలుకే ఫస్టు వచ్చినవాళ్లున్నారు. పిల్లల్ని కాలేజీకి పంపాలని ఏళ్ల తరబడి కష్టపడ్డ తల్లిదండ్రులున్నారు. ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లూ క్యాలిక్యులస్‌లో బోర్లాపడుతున్నారు.

దాంతో ఆయన ఊహాగానాలు పక్కన పెట్టి విద్యార్థుల వెంట తిరగడం మొదలుపెట్టాడు. నల్లజాతి విద్యార్థులు 20 మంది, చైనా మూలాలవాళ్లు 20 మంది. ఎక్కడ చదువుతున్నారు, ఎప్పుడు చదువుతున్నారు, ఎవరితో చదువుతున్నారు? దాదాపు ఏడాదిన్నర పాటు ఇదే పని. కనపడ్డది చాలా మామూలు విషయం. నల్లజాతి విద్యార్థులు క్లాసుకు తప్పకుండా వస్తున్నారు, హోంవర్కు సకాలంలో ఇస్తున్నారు, వారానికి ఎనిమిది గంటల దాకా చదువుతున్నారు. గంట క్లాసుకు రెండు గంటల చదువు అని అధ్యాపకులు చెప్పిన మాటను అక్షరాలా పాటిస్తున్నారు. కానీ ఒంటరిగా. లెక్క తేడా వస్తే తప్పు గుణకారంలో ఉందో భావంలో ఉందో చెప్పేవాళ్లు లేరు. తనకు రానిది పక్కవాడికీ రావడం లేదన్న సంగతి కూడా తెలియదు.

రెండో గుంపు వారానికి పద్నాలుగు గంటల దాకా క్యాలిక్యులస్‌తోనే గడుపుతోంది. ముందు ఎవరికి వారు చేసుకుంటారు. సాయంత్రం ఒకచోట చేరి జవాబులు సరిచూసుకుంటారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు, పాత పేపర్లు ముందేసుకుని ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతారు. ఎవరికీ రాని లెక్క అయితే అది లెక్కలోని కష్టమే తప్ప తమలో లోపం కాదని అందరికీ తెలిసిపోతుంది.

ట్రైస్‌మన్ చేసిన తెలివైన పని తర్వాతిది. వెనకబడినవారికి ప్రత్యేక క్లాసులని బోర్డు పెట్టలేదు. ప్రతిభావంతుల కోసం అని పిలిచాడు, అందుకు తగ్గట్టే పాఠ్యపుస్తకం కంటే కష్టమైన లెక్కలు ఇచ్చాడు. విద్యార్థులు బల్ల చుట్టూ చేరి లెక్కలతో కుస్తీ పడితే, శిక్షకులు జవాబు చెప్పకుండా తిరుగుతూ ప్రశ్నలు వేసేవారు. ఇందులో చేరిన నల్లజాతి, లాటినో విద్యార్థులు ఇందులో లేని తెల్లజాతి, ఆసియా విద్యార్థులను కూడా మార్కుల్లో దాటేశారు. ఈ పద్ధతిని ‘ఎమర్జింగ్ స్కాలర్స్’ పేరుతో అనేక విశ్వవిద్యాలయాలు అందిపుచ్చుకున్నాయి. వెనకబడ్డవాళ్లకు తేలిక లెక్కలే ఇవ్వాలన్న నమ్మకాన్ని ఇంత గట్టిగా దెబ్బతీసిన ప్రయోగం మరొకటి దొరకడం కష్టం.

ట్రైస్‌మన్ ఆ తర్వాత ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. విచిత్రం ఏమిటంటే, విద్యార్థి చేతికి సుద్దముక్క ఇచ్చే పద్ధతికి అంతకు ముందే పేరు తెచ్చిన చోటు అదే క్యాంపస్. ఆర్.ఎల్. మూర్ 1920 నుంచి 1969 దాకా అక్కడ పాఠం చెప్పాడు. చెప్పాడు అనడం కంటే చెప్పకుండా ఉన్నాడు అనాలి. నిర్వచనాలు, సిద్ధాంతాల వాక్యాలు మాత్రం ఇచ్చేవాడు. నిరూపణ విద్యార్థి కనుక్కోవాలి. బోర్డు దగ్గరకు ముందుగా బలహీనమైన విద్యార్థినే పిలిచేవాడు. మిగతావాళ్లు తప్పులు పట్టాలి. పుస్తకాలు చూడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఆ క్లాసుల నుంచి ఆర్.ఎల్. వైల్డర్, ఆర్.హెచ్. బింగ్, మేరీ ఎలెన్ రూడిన్ లాంటివాళ్లు వచ్చారు. మొదటి ఇద్దరూ అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ అధ్యక్షులయ్యారు. అదే మూర్ నల్లజాతి విద్యార్థులను తన క్లాసులోకి రానివ్వలేదు. ఆయన పేరు పెట్టిన భవనం నుంచి ఆ పేరును విశ్వవిద్యాలయం 2020లో తొలగించింది. ఎంక్వైరీ బేస్డ్ లెర్నింగ్ పేరుతో ఇప్పుడు నడుస్తున్న క్లాసులు మూర్ నుంచి బోర్డును తీసుకున్నాయి, మాట్లాడుకోకూడదన్న నిషేధాన్ని వదిలేశాయి.

ఇదంతా ఎవరో ఒకరిద్దరు గొప్ప గురువుల మాహాత్మ్యం కావచ్చు కదా అన్న అనుమానం న్యాయమైనదే. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. ఉపన్యాసం వింటూ కూర్చునే క్లాసుల్లో సగటున 33.8 శాతం మంది తప్పారు. విద్యార్థులతో పని చేయించే క్లాసుల్లో తప్పినవారు 21.8 శాతం.

మరి ఇంత తేడా ఉంటే అందరూ ఎందుకు మారలేదు? ఒక కారణం విద్యార్థులే. హార్వర్డ్‌లో లూయీ డెలోరియే బృందం భౌతికశాస్త్రం క్లాసుల్లో చేసిన ఒక ప్రయోగాన్ని 2019లో ప్రచురించింది. ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి ఉపన్యాసంగా చెప్పారు, మరికొందరితో గుంపులుగా లెక్కలు చేయించారు. పరీక్షలో రెండో గుంపుకు ఎక్కువ మార్కులు వచ్చాయి. ఎంత నేర్చుకున్నారని అడిగితే మాత్రం ఉపన్యాసం విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామన్నారు! ధారాళంగా సాగే పాఠం వింటుంటే తమకే వచ్చేసినట్టుంటుంది. తామే చేస్తుంటే అడుగడుగునా తడబాటు, తడబాటంటే రానట్టే అనిపిస్తుంది. ‘సార్ సూపర్‌గా చెబుతారు, అంతా అర్థమైపోయింది’ అని బయటికొచ్చి, రాత్రి పుస్తకం తెరిస్తే మొదటి వరుస దగ్గరే ఆగిపోయిన అనుభవం తెలుగునాట ఎవరికి లేదు? యూట్యూబ్ పాఠాల సంగతీ ఇంతే. ఎన్‌పీటీఈఎల్ వీడియోలు, గ్రాంట్ శాండర్సన్ 2016లో చేసిన లీనియర్ ఆల్జీబ్రా బొమ్మల పాఠాలు అద్భుతమైనవే. అయినా అవీ ఉపన్యాసాలే. ఆపి, కాగితం మీద చేసి చూసినవాడికే ఫలం.

గణితానికి మిగతా సబ్జెక్టులకు లేని ఇబ్బంది మరొకటుంది. మన దగ్గర ఇంటర్ పిల్లవాడు ఎంసెట్‌లో, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్‌లో, మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేయాలి. సగం గణితమే. రెండేళ్లు వేగం ఒక్కటే నేర్చి డిగ్రీకి వస్తాడు. ఇక్కడ అడిగేది జవాబు కాదు, కారణం. ఈ మలుపు గురించి అతనికి ఎవరూ చెప్పరు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఈ మలుపు కోసమే నిరూపణలు రాయడం నేర్పే కోర్సు విడిగా నడుపుతాయి. మన సిలబస్‌లలో అలాంటిదానికి చోటు చాలా తక్కువ.

పైగా విద్యార్థి తలలో అప్పటికే బొమ్మలు స్థిరపడి ఉంటాయి. డేవిడ్ టాల్, ష్లోమో విన్నర్ 1981లో రాసిన వ్యాసం ఈ బొమ్మల గురించే. పుస్తకంలోని నిర్వచనం ఒకటి, విద్యార్థి మనసులో ఉన్న రూపం మరొకటి. అవిచ్ఛిన్న ప్రమేయం అంటే పెన్సిల్ ఎత్తకుండా గీయగలిగేది అని మనసులో ఉన్నవాడు, ఎప్సిలాన్-డెల్టా నిర్వచనాన్ని తు.చ. తప్పకుండా అప్పజెబుతాడు. సున్నాను వదిలేసి నిర్వచించిన 1/x అవిచ్ఛిన్నమేనా అని అడిగితే కాదంటాడు. తన ప్రదేశంలోని ప్రతి బిందువు దగ్గరా అది అవిచ్ఛిన్నమే. ఆ తగవు క్లాసులో బయటపడాలంటే ముందు విద్యార్థి తప్పు చెప్పే అవకాశం ఉండాలి.

ఖర్చులేని ఉపాయాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన లారా ఆల్కాక్, మాథ్యూ ఇంగ్లిస్ తదితరులు నిరూపణ చదివే తీరు మీద 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇది ఏ పై వరుస నుంచి వచ్చింది, ఏ నిర్వచనం వాడారు అని తనకు తాను వివరించుకోవడం నేర్పే చిన్న పుస్తకం ఇచ్చారు. అది చదివినవాళ్లు తర్వాత నిరూపణలను మెరుగ్గా అర్థం చేసుకున్నారు. మన లెక్చరర్ దీన్ని రేపే మొదలుపెట్టవచ్చు: నిరూపణ మధ్యలో రెండు వరుసలు ఖాళీ వదిలి, పూరించడానికి అయిదు నిమిషాలు ఇస్తే చాలు.

మన దేశంలో ఇలాంటి పని జరగలేదని కాదు. 1993లో ఎస్. కుమరేశన్ మొదలుపెట్టిన ఎంటీటీఎస్, అంటే మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సర్చ్ శిబిరాలు, ఏటా వేసవిలో దేశం నలుమూలల నుంచి డిగ్రీ, పీజీ విద్యార్థులను పిలిచి నాలుగు వారాలు గణితం చేయించేవి. అణుశక్తి శాఖ కింద పనిచేసే నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ డబ్బిచ్చేది. ముంబయి విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేసిన కుమరేశన్ పాఠం ప్రశ్నలతోనే నడుస్తుంది. ఉదాహరణలు చూపించి, సిద్ధాంతం ఏమై ఉంటుందో విద్యార్థులతోనే ఊహింపజేస్తారు. తప్పు జవాబును తీసిపారేయకుండా ఎక్కడ తప్పిందో చూస్తారు. అధ్యాపకుల కోసం కూడా విడిగా శిక్షణ నడిపారు. చిన్న ఊళ్ల కాలేజీల నుంచి వచ్చి, గణితం అంటే నోట్సు కాదని అక్కడే తెలుసుకున్నవాళ్లు పరిశోధన వైపు వెళ్లారు.

కుమరేశన్ రాసిన లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం పేరులోనే జ్యామితి దారి అని ఉంటుంది. ఆ దారి ఎలాంటిదో ఒక్క ఉదాహరణ. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు ఉన్న మాత్రికను మన విద్యార్థి నాలుగు అంకెల పెట్టెగా చూస్తాడు. నిర్ధారకం అంటే అడ్డంగా గుణించి తీసేయడం. అదే మాత్రికను తలాన్ని కదిలించే క్రియగా చూపిస్తే, ఒక చదరపు యూనిట్ ఉన్న చతురస్రం సాగి సమాంతర చతుర్భుజమవుతుంది. గుర్తును పక్కన పెడితే, దాని వైశాల్యమే నిర్ధారకం. నిర్ధారకం సున్నా అయితే చతురస్రం అణిగి గీతైపోతుంది, లేదా చుక్కే మిగులుతుంది. అణిగిపోయినదాన్ని మళ్లీ చతురస్రం చేయలేం, కాబట్టి విలోమం లేదు. సూత్రం గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే రాదు.

ఈ పద్ధతులను మన డిగ్రీ కాలేజీలో అమలుచేయాలంటే అడ్డంకులు తక్కువేం కాదు. చాలాచోట్ల పాఠం చెప్పేది గెస్ట్ లెక్చరర్లు. వాళ్లకు సిలబస్ పూర్తిచేయడమే గండం. క్లాసు పెద్దదైతే హోంవర్కు దిద్దడం అయ్యే పని కాదు. దీనికి రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన వెబ్‌వర్క్, బ్రిటన్‌లో క్రిస్ సాంగ్విన్ తయారుచేసిన స్టాక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. ఇవి ఒక్కో విద్యార్థికి వేర్వేరు అంకెలతో లెక్క ఇచ్చి అక్కడికక్కడే దిద్దుతాయి. నిరూపణలు దిద్దడం మాత్రం మనిషి పనే. భాష మరో సమస్య. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లిష్ మీడియంలోకి మారింది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల ఇంగ్లిష్‌లో చేయెత్తి ప్రశ్న అడగదు. పక్కమ్మాయితో తెలుగులో వాదించమంటే తప్పకుండా వాదిస్తుంది. రాయడం ఇంగ్లిష్‌లో, వాదన తెలుగులో అని లెక్చరర్ నోటితో చెబితే చాలు. తెలంగాణలోని సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల్లో విద్యార్థినులంతా ఒకే ప్రాంగణంలో ఉంటారు. ట్రైస్‌మన్ పద్ధతికి అంతకంటే అనువైన చోటు వెతికినా దొరకదు. కావలసిందల్లా సాయంత్రం రెండు గంటలు, కష్టమైన లెక్కలు, జవాబు చెప్పని టీచరమ్మ.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి పరీక్ష. ‘లాగ్రాంజ్ సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించండి’ అని అడిగినంత కాలం దాన్ని బట్టీ పట్టడం తెలివితక్కువ పని కాదు, తెలివైన పనే. పరిమిత సమూహంలో ఉపసమూహం పరిమాణం సమూహ పరిమాణాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది అన్నది ఆ సిద్ధాంతం. విపర్యయం నిజమా అని అడిగితే? నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహంలో 12 మూలకాలుంటాయి. 6 పన్నెండును భాగిస్తుంది, కానీ ఆరు మూలకాల ఉపసమూహం అందులో లేదు. ఎందుకు లేదో రాయమనడం పాత ప్రశ్నకంటే ఎంతో మంచి ప్రశ్న. లేదా ఒక తప్పుడు నిరూపణ ఇచ్చి తప్పు పట్టమనవచ్చు. సౌష్ఠవం, సంక్రమణం రెండూ ఉన్న సంబంధానికి పరావర్తనం కూడా ఉంటుందని ఇలా ‘నిరూపిస్తారు’: a కు b తో సంబంధం ఉంది, కాబట్టి b కి a తో ఉంది, కాబట్టి a కు a తో ఉంది. ఎక్కడ పొరపాటు? ఏ b తోనూ సంబంధం లేని a ఒకటి ఉండవచ్చన్న సంగతిని మరిచిపోయారు. ఇది గైడులో దొరకదు, బట్టీకి లొంగదు. దిద్దడానికి అరనిమిషం చాలు.

సిలబస్ మార్చాలంటే కమిటీలు, తీర్మానాలు, ఏళ్లు పడతాయి. ప్రశ్నపత్రం ప్రతి సెమిస్టర్‌కూ కొత్తగా తయారవుతూనే ఉంటుంది. వచ్చే సెమిస్టర్‌లో ఆల్జీబ్రా పేపర్లో ఒకటి, రియల్ అనాలసిస్ పేపర్లో ఒకటి, పాఠ్యపుస్తకంలో జవాబు లేని పది మార్కుల ప్రశ్నలు పెట్టి చూడాలని, అలాంటివి వస్తాయని సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థులకు చెప్పాలని మన విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు విన్నపం.